కెనడాలో సాల్మన్ ఫామ్‌లను అక్కడి ఆదివాసులు ఎందుకు వద్దంటున్నారు? వాళ్లకే కదా ఉద్యోగాలు వచ్చేది?

మీ ప్రశ్నలో ఇంకో ముక్క కూడా ఉంది, "ఇదంతా పర్యావరణవాదులు ఎగదోస్తున్న గొడవేనా" అని. కాదు. కానీ ఆదివాసులంతా వద్దంటున్నారన్నదీ నిజం కాదు, అక్కడికి తర్వాత వస్తాను.

మాది కైకలూరు దగ్గర పల్లె, ఇంట్లో చేపల చెరువు ఉంది. ఇప్పుడు ఉండేది బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ ఐలాండ్ మీద కాంప్‌బెల్ రివర్‌లో. ఫామ్‌లకు సరుకు పంపే ఒక కంపెనీలో కొన్నేళ్లు లెక్కలు చూశాను. అంటే ఆ పరిశ్రమ ఉప్పు తిన్నవాడినే, అది మనసులో పెట్టుకునే చదవండి.

వచ్చిన కొత్తలో నేనూ మీలాగే అనుకున్నాను, చేపల పెంపకమే కదా, మనం చెయ్యట్లేదా అని. ఫామ్ దగ్గరికి పడవలో వెళ్లి చూశాక తేడా తెలిసింది. మన చెరువుకి గట్టు ఉంటుంది. నీళ్లు పాడైతే ముందు మన చేపే తేలుతుంది, మన జేబే చిల్లు పడుతుంది. ఇక్కడ గట్టు లేదు. సముద్రపు పాయలో వల పంజరాలు దింపి, ఒక్కో ఫామ్‌లో లక్షల అట్లాంటిక్ సాల్మన్ పెంచుతారు. ఆ చేప ఈ తీరానిది కూడా కాదు. వలలో నుంచి నీళ్లు అటూ ఇటూ పోతుంటాయి, వాటితో పాటు పెంట, మిగిలిన మేత, రోగాలు, పేలూ పోతాయి.

పేలంటే చెరువులున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. శీలావతికి పేను పడితే రైతుకి నిద్ర ఉండదు. సాల్మన్‌కి పట్టేది వేరే జాతి, సముద్రపు పేను. పెద్ద చేపకి నాలుగు పట్టినా తట్టుకుంటుంది. కానీ మార్చి నుంచి జూన్ దాకా నదుల్లో నుంచి సముద్రంలోకి దిగే పింక్ సాల్మన్ పిల్ల గ్రాము బరువు కూడా ఉండదు, ఒంటి మీద పొలుసు కూడా సరిగా వచ్చి ఉండదు. దానికి ఒకటి రెండు పేలు పట్టినా చాలు. అందుకే ఆ నెలల్లో ఫామ్‌లో చేపకి సగటున మూడు పేలు దాటితే మందు వెయ్యాలనో, చేపను తీసెయ్యాలనో రూలు పెట్టారు. మేతలో కలిపే ఆ మందు ఎమామెక్టిన్ బెంజోయేట్, గుంటూరు మిర్చి రైతు పురుగుకి కొట్టేది అదే. బిల్లులో ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

మరి ఆ పిల్లచేప మీద అంత పట్టింపు ఎందుకంటారా? పులసను తలుచుకోండి. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదుతుంది, ఆ నీళ్లలోనే దానికి ఆ రుచి. సాల్మన్‌దీ అదే దారి. కాకపోతే మనకి పులస ఏడాదికోసారి తినే గొప్ప, వీళ్లకి సాల్మన్ చలికాలమంతా ఇంట్లో ఉండాల్సిన తిండి. మన ఇళ్లలో ఆవకాయ పెట్టినట్టు వేసవిలో కుటుంబమంతా కూర్చుని కోసి, పొగబెట్టి, సీసాల్లో పెట్టుకుంటారు.

2019లో పోర్ట్ మెక్‌నీల్ దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి ఫెర్రీలో అలర్ట్ బే వెళ్లాను. అది నమ్గీస్ అనే ఆదివాసుల ఊరు. అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో వంటగది అరల నిండా ఎర్రటి సాకై సాల్మన్ సీసాలు, మూతల మీద మార్కర్‌తో సంవత్సరం రాసి ఉంది. ఒక అర సగం ఖాళీ. "చేప సరిగా రాని ఏడు అది" అంది, అంతే, ఇంకేం వివరించలేదు. వచ్చేటప్పుడు ఒక సీసా చేతిలో పెట్టి, ఖాళీ సీసా మాత్రం తిరిగి తెచ్చివ్వమంది.

ఆ ఊరు దాటితే బ్రాటన్ దీవులు. అక్కడ ఫామ్‌లు పెట్టేటప్పుడు ఈ నీళ్లు ఎవరివని వాళ్లను అడిగిన వాడు లేడు, అసలు కోపం అదీ. ఈ తీరంలోనే 1885 నుంచి 1951 దాకా నలుగురినీ పిలిచి కానుకలు పంచే వాళ్ల పాట్‌లాచ్ వేడుకనే చట్టం పెట్టి నిషేధించారు, 1921లో జరిగిన ఒక వేడుక తర్వాత ముసుగులన్నీ లాగేసుకున్నారు. అలాంటి చోట "మేం పరీక్షించాం, ప్రమాదం లేదు" అని ఆఫీసర్లు చెప్తే ఎవరు నమ్ముతారు? 2017 ఆగస్టులో ఆ ఆదివాసులు స్వాన్సన్ ఐలాండ్ ఫామ్ ఎక్కి కూర్చున్నారు, తర్వాత మిడ్‌సమ్మర్ ఐలాండ్ ఫామ్ మీద కూడా. 2018 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మూడు ఫస్ట్ నేషన్స్‌తో (ఇక్కడ ఆదివాసీ తెగల్ని అలా అంటారు) ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం బ్రాటన్‌లోని 17 ఫామ్‌ల్లో పది 2022 లోపు ఎత్తెయ్యాలి, మిగతా ఏడు 2023 తర్వాత ఉండాలంటే ఆ మూడు తెగలూ ఒప్పుకోవాలి. పేలు లెక్కపెట్టే చోట వాళ్ల మనుషులూ ఉండాలి. నన్నడిగితే చివరిదే పెద్ద గెలుపు.

ఇక సైన్స్ సంగతి. ఫామ్‌ల వల్లే సాల్మన్ పోయిందని తేల్చి చెప్పేవాళ్లని నేను నమ్మను. 2009లో ఫ్రేజర్ నదికి కోటికి పైగా సాకై వస్తుందనుకుంటే 14 లక్షల దాకానే వచ్చింది. మరుసటి ఏడే మూడు కోట్ల దరిదాపుకి వచ్చింది, ఫామ్‌లు అక్కడే ఉన్నాయి. 2009లో చేప తగ్గడం మీద ప్రభుత్వం వేసిన విచారణ, కోహెన్ కమిషన్, 2012లో ఇదొక్కటే కారణమని దేన్నీ తేల్చలేదు, అది చెప్పిన కారణాల్లో సముద్రం వేడెక్కడం కూడా ఒకటి. 2020లో కేంద్ర మత్స్యశాఖ తొమ్మిది రోగకారకాల వల్ల ఫ్రేజర్ సాకైకి ముప్పు చాలా తక్కువేనంది, కానీ పేలు ఆ తొమ్మిదిలో లేవు. అడిగినదాన్ని వదిలేసి అడగనిదానికి జవాబిచ్చినట్టు.

ఇప్పుడు అవతలి వైపు. క్లెమ్టు అని ఒక ఊరుంది, పడవో చిన్న విమానమో తప్ప దారి లేదు. అక్కడి కిటాసూ హైహైస్ వాళ్లు దశాబ్దాలుగా ఫామ్‌లు నడిపిస్తున్నారు, అవి పోతే కుర్రాళ్లు ఊరు వదలాల్సిందే అంటారు. 2023 ఫిబ్రవరిలో మా పక్కనే ఉన్న డిస్కవరీ దీవుల్లో 15 ఫామ్‌ల లైసెన్సులు ఆపేశారు, మా కంపెనీలో సగం మందిని పంపించేశారు, అందులో నేనూ ఉన్నాను. ఆ టెన్షన్ మామూలుగా ఉండదు, ఇంటి లోను అలాగే ఉంటుంది కదా. నాతో పాటు పోయినవాళ్లలో ఇద్దరు ఫస్ట్ నేషన్స్ వాళ్లే, వాళ్లలో ఒకడి మేనమామ ఫామ్‌లు వద్దని జెండా పట్టుకున్నవాడు. వాళ్లింట్లో ఆ విషయం భోజనాల దగ్గర ఎత్తరు. కొల్లేరులో చెరువులు కొట్టేసినప్పుడు మా చుట్టాలిళ్లలోనూ అచ్చం ఇలాగే ఉండేది.

2024 జూన్‌లో ఒట్టావా, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వం, ఇంకో ప్రకటన చేసింది, 2029 జూన్ 30 తర్వాత ఈ తీరంలో వల పంజరాలు ఉండకూడదని. బ్రాటన్ వాళ్లకి సంతోషం, క్లెమ్టు వాళ్లకి కోపం. "మా నీళ్లలో ఏం పెంచాలో నువ్వెవరు చెప్పడానికి" అని. బ్రాటన్ వాళ్లు ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నదీ ఆ మాటే.

ఆ సీసా ఇంకా నా దగ్గరే ఉంది. ఈ వేసవిలో వెళ్తున్నాను, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు మా అమ్మ, గోంగూర పచ్చడి పెట్టి ఇద్దామనుకుంటున్నా. కారం తగ్గించాలి.