ఫెదర్ నదిలో ఫిష్ బ్యారియర్ డ్యామ్ దగ్గర గాలం వేయవచ్చా?

కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫెదర్ నదిపై ఉన్న ఫిష్ బ్యారియర్ డ్యామ్ కింద సాల్మన్ చేపలు గుంపులు కట్టి తిరగడం చూశాననీ, అక్కడ గాలం వేస్తే సులువుగా పడతాయా, స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ చేపకు కూడా అదే మంచి చోటా అనీ మీరు అడిగారు. శాక్రమెంటో దగ్గర ఉంటూ ఎనిమిదేళ్ళుగా ఆ నదికి వెళుతున్నవాడిగా చెబుతున్నాను: అక్కడ వేయకూడదు, చట్టం ఒప్పుకున్నా అది వేయదగిన చోటు కాదు.

ముందు చట్టం సంగతి. ఆ డ్యామ్ నుంచి దిగువనున్న టేబుల్ మౌంటెన్ సైకిల్ వంతెన వరకు ఏడాది పొడవునా వేట నిషిద్ధం. ఇది కాక, చేపల కోసం కట్టిన మెట్లు గానీ గుడ్లు సేకరించే కేంద్రం గానీ ఉన్న ఏ ఆనకట్టకైనా 250 అడుగుల లోపు చేపను పట్టరాదన్న నియమం రాష్ట్రమంతటికీ ఉంది. వంతెనకు దిగువన ఏ భాగంలో, ఏ నెలల్లో, ఏ చేపను పట్టవచ్చన్నది మారుతూ ఉంటుంది. 2023, 2024 సంవత్సరాలలో ఫెదర్ నదితో సహా సెంట్రల్ వ్యాలీ నదులన్నిటిలోనూ సాల్మన్ వేటను పూర్తిగా ఆపేశారు కాబట్టి, ఎవరో ఒకప్పుడు పట్టారన్న మాట మీద బయలుదేరకుండా ఆ ఏటి నిబంధనలు చదువుకుని వెళ్ళండి. లైసెన్సుతో పాటు స్టీల్‌హెడ్‌కు విడిగా రిపోర్టు కార్డు కూడా కొనాలి.

ఇక చేప సంగతి. ఎగువన 770 అడుగుల ఎత్తున కట్టి 1968లో పూర్తి చేసిన ఓరోవిల్ డ్యామ్ వల్ల ఈ చేపలు పూర్వం గుడ్లు పెట్టుకునే వాగులు వాటికి అందకుండా పోయాయి. అందుకు బదులుగా గుడ్లు సేకరించి పిల్లల్ని పొదిగించే హేచరీ పెట్టి, ఎదురీదుకుంటూ వచ్చిన చేపలు అటువైపు మెట్లెక్కేలా మళ్ళించడానికే ఈ చిన్న డ్యామ్ కట్టారు. మాది కోనసీమ, వరద నీటికి గోదావరిలోకి ఎక్కి వచ్చే పులసకు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దారి మూసుకుపోతుందని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణే కనుక ఇక్కడి దృశ్యం నాకు కొత్తగా అనిపించలేదు. కానీ పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట ఈ సాల్మన్‌కు పనికిరాదు. నదిలోకి వచ్చాక అది మేత మానేస్తుంది, ఒంట్లోని కొవ్వంతా ప్రయాణానికే ఖర్చవుతుంది, డ్యామ్ చేరేసరికి దాని మాంసం పాలిపోయి మెత్తబడి ఉంటుంది.

మేత మానేసిన చేప ఎరను మింగదు గదా, మరి గుంపులో వేసిన గాలానికి ఎలా చిక్కుతుంది? చాలాసార్లు నోరు తెరుచుకుని ఈదుతున్న చేప నోట్లోంచి దారం జారి, గాలం బయటి నుంచి దవడకు గుచ్చుకుంటుంది. లేదా పొట్టకో తోకకో తగులుతుంది. మొదటి ఏడాది నాకు ఇదే జరిగింది. వంతెనకు చాలా దిగువన, అనుమతి ఉన్న చోటే ట్రౌట్ కోసం వేసిన గాలం బరువుగా లాగితే పావుగంట సేపు మురిసిపోయాను. తీరా దగ్గరకు వచ్చాక చూస్తే పొట్ట కింది రెక్క దగ్గర గుచ్చుకున్న ఆడ సాల్మన్. గుడ్లు పెట్టడానికి గులకల్లో గూడు తవ్వీ తవ్వీ దాని తోక అంచు తెల్లగా అరిగిపోయి ఉంది. నోటికి కాక మరెక్కడ తగిలినా వదిలేయాలన్నది నియమం. పక్కనున్న పెద్దాయన దాన్ని నీళ్ళలోంచి పైకి తీయకుండానే గాలం తప్పించారు. ఆ తర్వాత సాల్మన్ గుంపు కనిపించిన చోట నేను గాలం వేయలేదు.

మీకు నిజంగా వేట సరదా కావాలంటే స్టీల్‌హెడ్ కోసం ప్రయత్నించండి. ఇది సముద్రానికి వెళ్ళి వచ్చే రెయిన్‌బో ట్రౌటే. నదిలోనూ మేస్తుంది, గుడ్లు పెట్టాక సాల్మన్‌లా తప్పనిసరిగా చచ్చిపోదు. సాల్మన్ గుడ్లు పెట్టే చోటుకు కాస్త దిగువన, గులకరాళ్ళ మీద పలచగా పారే నీరు లోతులోకి దిగే అంచున కాచుకుని, కొట్టుకొచ్చే గుడ్లను తింటుంది. నేను గుడ్డు రంగున్న 8 మిల్లీమీటర్ల పూసను, దానికి రెండంగుళాల కింద కొన దగ్గరి ఎదురు ముల్లు తీసిన చిన్న గాలాన్ని కట్టి, నేలను అప్పుడప్పుడు తాకేంత సీసం మాత్రమే వేస్తాను. పూస నీటి వేగంతోనే పోవాలి. దారం ఒక్క క్షణం ఆగినట్టు అనిపించినా కర్ర ఎత్తాలి. పడ్డాక చేయి తడుపుకుని, వీపు రెక్కకూ తోకకూ మధ్యనుండే చిన్న కండ రెక్కను చూడండి: అది కత్తిరించి ఉంటే హేచరీ చేప, ఉంటే సహజంగా పుట్టినది, దాన్ని వదిలేయాలి.

నీళ్ళలోకి దిగేటప్పుడు, అడుగు కనిపించేలా నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకోండి. చుట్టూ నాచు పట్టిన రాళ్ళ మధ్య, కడిగి ఆరబోసినట్టు తెల్లగా కనిపించే గులకల మేర సాల్మన్ గూడు. దాని మీద అడుగు వేస్తే కింది గుడ్లు నలిగిపోతాయి. గుంపులను దగ్గరగా చూడాలన్న కోరిక ఉంటే సెప్టెంబరు చివరలోనో అక్టోబరులోనో పిల్లల్ని తీసుకుని హేచరీకి వెళ్ళండి. అక్కడ మెట్ల పక్కన నీటి మట్టానికి కింద గాజు కిటికీలు ఉంటాయి. మా అమ్మాయి మొదటిసారి ఆ గాజుకు ముక్కు ఆనించి నిలబడితే, అవతల ఒక మగ చేప వంకర దవడతో అటే చూస్తూ చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.