పైన చెక్కిన పేరు కన్నా గొట్టం కింది ముద్రలను నమ్మండి

మీ ప్రశ్న చదవగానే మా పెద్దనాయన ఇల్లు గుర్తొచ్చింది. కల్వకుర్తి దగ్గర మీ అమ్మమ్మగారింట్లో అటక మీది సామాను దించుతుంటే జోడు గొట్టాల పాత తుపాకీ దొరికిందనీ, పైన ఇంగ్లీషు పేరు సగం అరిగిపోయిందనీ, కుందాకు, అంటే వెనక చెక్క భాగానికి, కొట్టిన ఇత్తడి బిళ్ల మీద ఉర్దూ రాత ఉందనీ, ఎవరు చేశారో ఎట్లా తెలుసుకోవాలనీ కదా అడిగారు. మాది దేవరకొండ వైపు. దాదాపు అలాంటిదే మా ఇంట్లోనూ ఉండేది. దాని సంగతి తేలడానికి రెండేళ్లు పట్టింది. అందులో సగం కాలం మేం చేసిన తప్పులు సరిదిద్దుకోవడానికే పోయింది.

చరిత్ర సంగతి తర్వాత, ముందు ఠాణాకు పొండి. మీది భర్మార్ అయితే, అంటే మూతి నుంచి మందూ గుండూ దట్టించే రకమైతే, ఎన్నడో దట్టించింది ఇంకా లోపలే ఉండొచ్చు. ట్రిగ్గర్ జోలికి పోకండి, గొట్టంలో చువ్వ పెట్టి పొడవకండి. లైసెన్సు లేని ఆయుధాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలని 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 చెబుతుంది. పాతకాలపువాటికి సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది రిపేరు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే. పేలుతుందా లేదా అని తేల్చాల్సింది మనం కాదు. మాదాన్ని జమ చేసినాక పోలీసుల ఆయుధాలు చూసే ఆర్మరర్ పరీక్షించి, లోపల ఏమీ లేదని చెప్పాకే మేం దాన్ని తాకింది.

ఇక మా తప్పులు. ప్రతి దసరాకూ ఆయుధపూజకు ముందు దాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమేవాళ్లు. ఒక ఏడాది మా పెద్దనాయన కొడుకు ఇంకా మెరవాలని గరుకు కాగితం పట్టాడు. "గీకితే ఏమైతదిరా, ఇనుమే గదా" అన్నాడట. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద ఉన్న పేరు ఆ ఒక్క పూటలో పోయింది. చివర "కలకత్తా" అన్న ఊరి పేరు మాత్రం మిగిలింది. అది మిగలడానికి కారణం కూడా పూజే. ఏటా పెట్టిన కుంకుమ ఆ అక్షరాల గాడిలో గట్టిపడి ఉంది. లెన్సు కింద చూస్తే నల్లటి ఇనుములో ఎర్రటి గీతల్లా కనబడ్డాయి. కాబట్టి మీరు దేంతోనూ తోమకండి. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫోటో తీయండి. కంటికి ఆనని గీతలు నీడలతో లేచి వస్తాయి.

అసలు ఆ పేరు పోయినా పెద్ద నష్టమేమీ లేదని తర్వాత తెలిసింది. అప్పట్లో మాంటన్, రోడా లాంటి కలకత్తా దుకాణాలు ఇంగ్లండ్‌లో తయారైన తుపాకులు తెప్పించుకుని తమ పేరు చెక్కించి అమ్మేవి. పట్టీ మీద కనబడేది చాలాసార్లు అమ్మినవాడి పేరే. పేరుతో పాటు వీధి చిరునామా ఉంటే మాత్రం వదలకండి, కాలం దాంట్లోనే దొరుకుతుంది. లండన్‌లోని పర్డీ కంపెనీనే చూడండి. 1826 నుంచి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో 314½ నంబరు ఇంట్లో ఉండి, 1880లలో సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారింది. చిరునామాలో ఆ అర కనబడితే చాలు, తుపాకీ ఏ కాలానిదో సగం తేలినట్టే.

మా కథ తేల్చింది గొట్టాల కింది భాగం. జోడు గొట్టాల భర్మార్‌కు కుందాలో అడ్డంగా ఒక చీల ఉంటుంది, అది తీస్తే గొట్టాలు లేచి వస్తాయి. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి. కిందివైపు, ఎవరూ తోమని చోట, రెండు చిన్న ముద్రలున్నాయి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, పైన కిరీటం. ఒకదాంట్లో బి, పి, సి అక్షరాలు, ఇంకోదాంట్లో వి. కిరీటం చూడగానే మా బావ "రాణిగారి ముద్ర, విక్టోరియా ఇచ్చిందే" అని ఊరంతా చెప్పొచ్చాడు. నిజానికి అది ఇంగ్లండ్‌లో గొట్టాల గట్టితనం పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం పగలకపోతే కొట్టేవాళ్లు. ఆ ప్రూఫ్ హౌస్ 1813లో పెట్టారు, ఈ రకం ముద్ర 1904 దాకా నడిచింది. పక్కనే 14 అని అంకె ఉంది. ఒక పౌండు బరువు సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుండ్లు పద్నాలుగు వస్తాయని దానర్థం. ఆ అంకె కొట్టడం 1855 చట్టం తర్వాత మొదలైంది. ఇంగ్లండ్‌లో 1860ల నుంచి వెనక నుంచి తూటా పెట్టే రకాలు భర్మార్లను పక్కకు నెట్టాయి. అంటే మాది 1855 తర్వాత ఓ పది పదిహేనేళ్లలో చేసింది అయివుండాలి.

మీదాని ట్రిగ్గర్ పైన పక్కనుండే రేకు మీద కిరీటం, "టవర్" అన్న మాట, ఒక సంవత్సరం ఉంటే లెక్క వేరు. చాలావరకు అది సైన్యం రకం తుపాకీ. సింహం బొమ్మ ఉంటే ఈస్టిండియా కంపెనీది కావచ్చు.

ఇక ఇత్తడి బిళ్ల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, అంటే ఏ నవాబు పేరు మీద మహబూబ్‌నగర్ వెలిసిందో ఆయన, మా ముత్తాతకు పులిని కొట్టినందుకు ఇచ్చాడని ఇంట్లో కథ. బిళ్ల మీద రాత ఆ కథకు సాక్ష్యం. ఎవరికీ చదవను రాదు కాబట్టి సాక్ష్యానికి ఎదురే లేదు. పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్ది, నల్లగొండలో రిటైరైన ఒక ఉర్దూ సారు దగ్గరికి తీసుకుపోయా. ఆయన అంకెలు 131 అన్నారు. ఉర్దూలో సున్నా అంటే ఒక చుక్కే. మా బిళ్ల నిండా సన్నటి గుంటలు, ఏది సున్నానో ఏది దెబ్బో తెలియదు. అసలు బిళ్లే చూపిస్తే ఆ చుక్క ఉలితో చేసిందని తేల్చారు. 1310. ముస్లింల హిజ్రీ ఏడాది అయితే 1892-93, నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలకు వాడిన ఫస్లీ ఏడాది అయితే 590 కలిపి 1900-01. అంకెల పక్కన చిన్న మెలిక ఉంది. దాన్ని నేను ముందు పూల డిజైను అనుకున్నా. అది ఫే అక్షరం, ఫస్లీకి గుర్తు.

అంకెలకు ముందున్న మాట చదివి ఆయన నవ్వారు. "ఖరీద్" అని ఉంది బాబూ అన్నారు. మార్కెట్ యార్డులో ఖరీద్దారు అంటాం కదా, అదే మాట. కొన్నది అని. నిజాం పేరు లేదు, పులీ లేదు. అప్పటికే ముప్పై నలభై ఏళ్ల పాతదాన్ని మా ముత్తాత డబ్బులిచ్చి కొని, కొన్న ఏడాది చెక్కించుకున్నాడు. పెద్దనాయనకు ఈ సంగతి చెబితే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మీ అమ్మమ్మగారి ఇంటికి వనపర్తి, కొల్లాపూర్, గద్వాల లాంటి సంస్థానాల కొలువుతో సంబంధం ఉందేమో పెద్దవాళ్లను అడగండి. ఉంటే సందూకలో పాత ఉర్దూ కాగితాలు పారేయకండి, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకడానికి పేరూ ఊరూ ఏడాదీ వాటిలోనే దొరుకుతాయి.

ఠాణా పని అయ్యాక గొట్టాల కింద ముద్రలూ, ఉర్దూ బిళ్లా, ఏటవాలు వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి. బిళ్ల ఫోటో మాత్రం రెండు వైపుల నుంచి వెలుతురు మార్చి రెండు తీయండి, చుక్కల దగ్గర తేడా తెలియాలి.