వాగు బాగుందో లేదో తెలియాలంటే రాయి తిప్పి చూడాలి

‘మా వాగు నీళ్లు తేటగానే ఉన్నాయి, ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఆరోగ్యంగా ఉందో లేదో తెలిసిపోతుందా?’ అని అడిగారు. తెలియదు. సీసాలో పట్టిన నీళ్లు ఆ గంట సంగతే చెప్తాయి. రాత్రి ఎవరో ట్యాంకర్ ఖాళీ చేసి పోతే తెల్లారి పట్టిన సీసాలో ఆనవాలు కూడా దొరక్కపోవచ్చు. రాయి కింద పురుగు మాత్రం వారాలూ నెలలూ ఆ నీళ్లలోనే బతుకుతుంది. దాన్ని అడగాలి.

ఎప్పుడు చూస్తారన్నది ముఖ్యం. పెద్ద వరద పోయిన వెంటనే చూస్తే ఏమీ దొరకదు, అడుగంతా కొట్టుకుపోయి ఉంటుంది. మూడు నాలుగు వారాలు ఆగాలి. మన దగ్గర నవంబర్ నుంచి జనవరి దాకా మంచి సమయం. దుందుభి లాంటి వాగులు ఎండాకాలం మడుగులుగా మిగులుతాయి. అప్పుడు దొరికేవి మడుగు జీవాలు, వాటితో పారే వాగును అంచనా వేయకూడదు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనైతే యాసంగి పొలాల ఊటనీరే వాగులో పారుతుంటుంది. కాబట్టి నాట్లు, మందు కొట్టిన రోజులు రాసుకోండి.

రెండు చోట్లు ఎంచుకోవాలి. ఒకటి ఊరికి పైన, ఇంకొకటి ఊరి మోరీ కలిసిన తర్వాత. రెండింటి అడుగూ ఒకేలా ఉండాలి. పైన గులకరాళ్లు, కింద ఉత్త ఇసుక ఉంటే తేడా కాలుష్యం వల్ల వచ్చిందా, ఇసుక వల్ల వచ్చిందా చెప్పలేం. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే.

అడుగు వెడల్పు ఇనుప చట్రానికి అర మిల్లీమీటరు కన్నాల నైలాన్ జాలీ సంచిలా కుట్టించండి. దోమతెర కన్నాలు పెద్దవి, చిన్న పురుగులు జారిపోతాయి. మోకాలి లోపు లోతున్న చోట జాలీ మూతి ప్రవాహానికి ఎదురుగా ఉండేలా నేలకు ఆనించి, దాని ముందు మడమతో రాళ్లను తిరగదొక్కాలి. లేచిన బురదతో పాటు పురుగులు సంచిలోకి కొట్టుకొస్తాయి. మొత్తం మూడు నిమిషాలు, రాళ్లు, గడ్డి అంచులు, ఆకుల కుప్పలు అన్నీ కలిపి. ఇంకో నిమిషం పెద్ద రాళ్లను చేత్తో తిప్పి చూడాలి. దిగువ నుంచి ఎగువకే నడవాలి, లేకుంటే మీ కాళ్ల బురదే జాలీలోకి వస్తుంది. అంతా తెల్లటి ట్రేలో రెండు వేళ్ల లోతు నీళ్లలో పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే పురుగులే కదలడం మొదలుపెడతాయి.

మూడు తోకలు, పొట్ట పక్కల ఈకల్లాంటి మొప్పలు, రాయికి అతుక్కునే చప్పిడి ఒళ్లు ఉంటే అది మేఫ్లై పిల్ల. పురుగులకు మార్కులిచ్చే బీఎండబ్ల్యూపీ అనే పట్టికను అంతర్జాతీయంగా వాడతారు, కాలుష్యాన్ని ఎంత తట్టుకోలేకపోతే అంత ఎక్కువ మార్కు. అందులో ఇలాంటి కుటుంబాలకు (దగ్గరి రకాల గుంపులకు) 10 మార్కులు. చురుగ్గా ఈదే సన్న మేఫ్లైకి 4, రాళ్ల మధ్య వల అల్లే క్యాడిస్ పురుగుకు 5, నదీ ఆల్చిప్పకు 6, చాలా నత్తలకూ జలగలకూ 3, ఎర్రపురుగుల (కుట్టని దోమల్లాంటి ఈగల పిల్లల) కుటుంబానికి 2, బురదలో వానపాముల్లాంటి సన్నటి వాటికి 1. కుటుంబానికి ఒక్కసారే మార్కు, ఎన్ని దొరికినా సరే. పైన ఏడు కుటుంబాలకు మొత్తం 31 వస్తే సగటు 4.4. మోరీ కింద నాలుగు కుటుంబాలకు 9 వస్తే 2.25. ఈ తేడాయే మీకు కావాల్సిన జవాబు.

ఆ పట్టిక చలిదేశం ఇంగ్లండ్‌ది. స్టోన్‌ఫ్లై (చల్లగా పారే నీళ్లలో ఉండే పురుగు) లేదు కాబట్టి వాగు పాడైందని రాసే రిపోర్టులు చూస్తే బాధేస్తుంది. మన ఎండలకు, వేసవిలో తెగిపోయే వాగులకు అది అరుదు. తూనీగ పిల్లలకు 8 ఇచ్చారు, కానీ కొన్ని రకాల తూనీగలు వాన గుంటలోనూ పెరుగుతాయి. మొత్తం మార్కు పట్టుకుని ‘మంచి, చెడు’ ముద్ర వేయకండి, పైనా కిందా పోల్చండి. మూసీ వెంట భువనగిరి, వలిగొండ వైపు మార్కులే అక్కర్లేదు, ఆ నురుగు చాలు.

‘కొర్రమీను దొరుకుతోంది కదా, వాగు బాగున్నట్టే’ అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. తప్పు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి చేపలు పైకొచ్చి గాలి పీల్చి బతుకుతాయి. నీళ్లలో ఆక్సిజన్ పోయినా ఉంటాయి. పైకొచ్చి గాలి పట్టుకునే నీటి పెంకు పురుగులూ అంతే. మొప్పల మీదే ఆధారపడే పరిగెలను చూడండి.

ఏప్రిల్‌లో మడుగు పచ్చగా తిరిగి, తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలుతాయి. ఊరంతా ‘ఎవడో మందు కలిపాడు’ అంటుంది, పంచాయితీ మొదలవుతుంది. చాలాసార్లు అది పాచి పని. 30 డిగ్రీల నీళ్లు గాలి నుంచి పట్టి ఉంచుకోగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం పాచి దాన్ని 12 దాటించగలదు, రాత్రంతా అదే పాచి పీల్చి తెల్లవారకముందు 2 కిందికి దించగలదు. మబ్బు రోజులు వరుసగా వస్తే ఇంకా ఘోరం. అందుకే పదకొండింటికి మీటరు పెట్టి ‘ఆక్సిజన్ బాగుంది’ అని రాసే కొలతకు విలువ లేదు. సూర్యోదయానికి ముందు కొలవాలి. మీటరు లేకపోతే సీసా నిండా బుడగ లేకుండా పట్టి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేటు, తర్వాత క్షార అయోడైడు చుక్కలు వేసి బిగించండి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లటి మడ్డి దిగితే లేనట్టే.

విషమైతే లక్షణాలు వేరు. పురుగులమందుకు రొయ్యలు, ఎండ్రకాయలు, నీటిపురుగులు ముందు పోతాయి, ఏ పూటైనా పోతాయి. ఆక్సిజన్ తగ్గితే పెద్ద చేపలు ముందు పోతాయి, కొర్రమీను మిగులుతుంది. ఇది చూడకుండా పక్క పొలం రైతు మీద కేసు పెట్టొద్దు.

చెప్పకుండా ఉండలేని సంగతి, ఇసుక. ట్రాక్టర్లు అడుగు గోకేసిన చోట నీళ్లెంత శుభ్రమైనా పురుగుకు ఇల్లు లేదు. ప్రతి కిలోమీటరుకూ చెక్‌డ్యాం కడితే వాగు చెరువుల వరసగా మారి పారే నీటి జీవాలు పోతాయి. ఊటనీరు పెరిగితే సంతోషమే, కానీ రెండు చెక్‌డ్యాంల మధ్య కొంత వాగును పారనివ్వాలి. దోమల కోసం గంబూషియా చేపలు వదిలేవాళ్లు కూడా ఆగాలి. అవి దోమ పిల్లలతో పాటు మేఫ్లైలనూ తినేస్తాయి.

పురుగులన్నీ దొరికాయని ఆ నీళ్లు తాగకండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్లలోంచి వస్తుంది, మేఫ్లైని చూసి దాన్ని పట్టుకోలేం. తాగే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాకా హద్దు. దానికి మాత్రం సీసా పట్టుకుని ల్యాబ్‌కే వెళ్లాలి.