పక్క ఫ్లాట్‌లోంచి నా స్క్రీన్ చూడొచ్చా?

ప్రశ్న: సార్, మియాపూర్‌లో ఉంటాను. ఇంటి నుంచే ఒక బ్యాంకు ప్రాజెక్టు పని చేస్తున్నాను. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే పక్కనున్న రేడియో గరగరమంటోంది. వైఫై ఆపినా అంతే. ఈ తరంగాలతో పక్క ఫ్లాట్ వాళ్లు స్క్రీన్ మొత్తం చూసేయొచ్చని మా బావ అంటున్నాడు. ఒకటే టెన్షన్.

జవాబు: మీ బావ గాలి కబుర్లేం చెప్పలేదు. కరెంటు వేగంగా మారుతూ ఉండే ఏ సర్క్యూటైనా ఎంతో కొంత రేడియో తరంగాలు వదులుతుంది. నెదర్లాండ్స్ ఇంజినీరు విమ్ వాన్ ఎక్ 1985లోనే మామూలు టీవీకి చవకైన పరికరాలు తగిలించి, దూరంగా ఉన్న మానిటర్ మీది అక్షరాలు చూపించాడు. అవి పాత డబ్బా మానిటర్లు కదా అంటారేమో. 2024లో ఉరుగ్వే పరిశోధకులు కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ నుంచి లీకయ్యే తరంగాలను పట్టి, మసకగా వచ్చిన బొమ్మను ఏఐతో శుభ్రం చేసి అక్షరాలు చదివారు.

మీ రేడియో గోల మాత్రం చాలావరకు ఛార్జర్‌దే అయ్యుంటుంది. ప్లగ్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. గరగర తగ్గితే దొంగ దొరికినట్టే.

పైగా స్క్రీన్ చదవాలంటే యాంటెన్నా, సాఫ్ట్‌వేర్ రేడియో (కంప్యూటర్‌కు తగిలించి తరంగాలు పట్టే రేడియో), ఓపిక అన్నీ కావాలి. అపార్ట్‌మెంట్‌లో అందరి టీవీలు, ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు కలిసి చేసే రొదలో మీ ఒక్కరి మానిటర్‌ను విడదీయాలి. ఏ రాయబార కార్యాలయం మీదో గురి పెడితే ఆ కష్టం పడతారు. మీ పక్కింటాయన పడడు.

నన్నడిగితే కీబోర్డు చప్పుడే ఎక్కువ అనుమానించాలి. 2023లో బ్రిటన్ పరిశోధకులు ల్యాప్‌టాప్ పక్కన ఫోన్ పెట్టి టకటకలు రికార్డు చేశారు. ఏ మీట నొక్కారో ఏఐ 95 శాతం సరిగ్గా చెప్పింది. జూమ్ కాల్‌లో విన్నా 93 శాతం. అదే ల్యాప్‌టాప్ చప్పుడుతో ఏఐకి ముందుగా నేర్పించారు, నిజమే. అయినా తక్కువేం కాదు. మీటింగ్‌లో ఉండగా పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే మైక్ మ్యూట్ చేయండి. పాస్‌వర్డ్‌లు దాచి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడితే టైపు చేసే పని చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: అబిడ్స్‌లో మా షాపు లెక్కల కంప్యూటర్‌కు అసలు నెట్టే ఇవ్వలేదు. ఫ్యాన్ శబ్దంతో కూడా డేటా పోతుందట, నిజమా?

జవాబు: ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చేసి చూపించారు: ఫ్యాన్ వేగం పెంచుతూ తగ్గిస్తూ డేటా పంపడం, దాన్ని దగ్గర్లోని ఫోన్ మైక్ వినడం. నిమిషానికి కొన్ని బిట్లే, మీ లెడ్జరు పోవాలంటే ఏళ్లు పడుతుంది. అదీగాక ముందు కంప్యూటర్‌లోకి వైరస్ దూరాలి. నెట్ లేని చోటికి అది ఎక్కువగా వచ్చేది పెన్‌డ్రైవ్‌లోనే. జీఎస్టీ ఫైళ్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరిచే ఆటోప్లే ఆపేయండి.