తుపాకీ ఏ బీరువాలో ఉండేదో రాయి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడికి, ఆశీస్సులు.

జమ్మికుంట నుంచి నువ్వు పంపిన కథ అందింది. నీ వాక్యం బాగుంది. ఆ మాట మళ్లీ చెప్పను. నీ కథలో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్థిరపడిన పరకాల దంపతుల కూతురు బడిలో బల్ల కింద దాక్కుని ఉండగా ఆమె సహపాఠి తుపాకీతో తరగతిలోకి వస్తాడు. అంతకుముందు పేజీలో అతను రాత్రంతా ఫోన్‌లో ఆటలాడాడని రాశావు, తర్వాతి పేజీకి చేతిలో తుపాకీ ఉంది. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. నాకు కోపం తెప్పించింది అదే.

పదిహేనేళ్ల పిల్లవాడికి పగ, అవమానం, ఒంటరితనం ఎక్కడైనా ఉంటాయి. జపాన్, దక్షిణ కొరియా పిల్లలు ఆడే వీడియో గేములు తక్కువేమీ కాకపోయినా అక్కడ తుపాకీ చావులు అతి తక్కువ. అందుచేత ఆ ఆయుధాన్ని ఎవరు కొన్నారు, ఇంట్లో ఎక్కడ పెట్టారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది అన్న సంగతులు తేల్చుకోకుండా కథకుడు కలం పట్టకూడదని నా నమ్మకం. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2019 నివేదిక కూడా, బడుల్లో కాల్పులు జరిపిన విద్యార్థుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి తుపాకీ సొంత ఇంట్లోనో దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికిందని తేల్చింది.

నువ్వు ఎంచుకున్న మిషిగన్‌లోనే, 2021 నవంబరు 30న, ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల విద్యార్థి నలుగురు తోటి పిల్లలను కాల్చి చంపాడు. ఆ పిస్తోలును తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. ఆ ఉదయం పిల్లవాడు గీసిన బొమ్మ చూసి భయపడిన బడివాళ్లు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు కొడుకును ఇంటికి తీసుకుపోలేదు, బడివాళ్లు అతని సంచి తెరిచి చూడలేదు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలుశిక్ష పడింది. నీకు కావలసిన కథంతా పెద్దలు కూర్చుని లేచిపోయిన ఆ గదిలోనే ఉంది, నువ్వేమో నేరుగా తరగతి గదికి పరుగెత్తావు.

ఎనభైలలో, తొంభైలలో మన జిల్లాల్లో మీసం రాని పిల్లలు కూడా అడవిబాట పట్టినప్పుడు నేను ములుగు వైపు ఒక పల్లెలో పంతులుగా ఉంటూ కథలు రాసేవాణ్ని. కొడుకు వెళ్లిపోయిన తల్లి ఠాణాకూ సర్పంచి ఇంటికీ తిరిగే కథ ఒకటి పంపితే, ఒక వారపత్రిక సంపాదకుడు ‘ఇందులో తుపాకీ ఒక్కసారి కూడా పేలలేదు’ అని రాసి తిప్పి పంపాడు. పేలినవన్నీ అచ్చయ్యాయి. ఆయన ఇప్పుడు సభల్లో యువతలో పెరుగుతున్న హింస గురించి ఉపన్యసిస్తుంటాడు, నేను ముందు వరుసలో కూర్చుని వింటుంటాను.

సమాజం ఏం చేయాలని అడిగావు. నీ చివరి పేజీలోని కొవ్వొత్తుల ఊరేగింపు మాత్రం కొట్టేయి. 2020 నుంచి అమెరికాలో పిల్లల, కౌమారుల మరణాలకు తుపాకీయే మొదటి కారణం. అందులో బడి కాల్పులు చిన్న భాగమే, మిగిలినవి ఎక్కువగా వీధుల్లో, ఇళ్లలో జరిగే హత్యలు, ఆత్మహత్యలు. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే అంటువ్యాధుల వైద్యుడు 2000లో మొదలుపెట్టిన పథకంలో, ఒకప్పుడు ఆ వీధుల్లోనే తిరిగిన మనుషులు ప్రతీకారానికి బయలుదేరిన కుర్రవాణ్ని దారిలో ఆపి మాట్లాడతారు. ఇంట్లో ఆయుధానికి తాళం, తాళం వేయని పెద్దలకు శిక్ష, తోటివాడి బెదిరింపును పిల్లలు జంకకుండా చెప్పుకోగల ఒక మనిషి: ఇవి ఊరేగింపులంత అందంగా ఉండవు, కథకు మాత్రం పనికొస్తాయి.

ఇప్పుడు నీ పరకాల దంపతుల దగ్గరికి రా. మన ఆయుధాల చట్టం కింద 21 ఏళ్లు నిండనివారికి సాధారణంగా లైసెన్సు రాదు. ఇక్కడ చాలామంది ఠాణాలో తప్ప తుపాకీ చూసి ఉండరు. అలాంటి తల్లి, కూతుర్ని స్నేహితురాలి పుట్టినరోజుకు పంపే ముందు ‘మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేశారా’ అని అవతలి తల్లిని అడగాలి. అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు ఆమెను ఎంత ఆపుతుందో నువ్వు ఊహించగలవు. ఆ ఫోన్ సంభాషణ రాయి. అడుగుతుందో లేదో నువ్వే తేల్చు. దసరాలోపు పంపితే చదువుతాను.

మీ అన్న