ధాన్యం డబ్బు పడేదాకా క్రెడిట్ కార్డుతో నెట్టుకురావచ్చా?

దాళ్వా (రబీ వరి) డబ్బు చేతికి వచ్చేలోపు అమలాపురంలో ఇంటి సరుకులకు ఏటీఎం కార్డు మేలా, క్రెడిట్ కార్డా అని అడిగారు. ధాన్యం డబ్బు కార్డు బిల్లు గడువు తేదీలోపు ఖాయంగా పడుతుందంటేనే క్రెడిట్ కార్డు గీకండి.

వడ్డీ లేని రోజులు కొన్న తేదీని బట్టి మారతాయి. బిల్లు 5న తయారై గడువు 25 అనుకోండి. 6న కొంటే దాదాపు 50 రోజులు, 4న కొంటే మూడు వారాలే.

‘మినిమమ్ డ్యూ’ (బిల్లులో చూపే కనీస మొత్తం) కడితే చాలనుకోవడమే అసలు ముప్పు. మిగిలిన బాకీకి చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం పైనే వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ. బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పల్లెల్లో వడ్డీ వ్యాపారి నూటికి రెండు రూపాయలే నయం!

కోత కూలీలకు నగదు కావాలంటే ఏటీఎం కార్డే వాడండి. క్రెడిట్ కార్డుతో తీస్తే రుసుము, తొలిరోజు నుంచే వడ్డీ.

మోసం జరిగితే ఏటీఎం కార్డులో పోయేది మీ పొదుపే. ఏ కార్డైనా వెంటనే బ్లాక్ చేయించి, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ఓటీపీ మీరే చెప్పేస్తే, ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము మీ నెత్తినే.