పాలు పడని పిల్లాడికి ఏం పెట్టాలి

చి.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు పాలు పూర్తిగా మానిపించేస్తానన్నావు. తొందరపడకు తల్లీ. విరేచనాల జబ్బు తగ్గీతగ్గకముందే పాలు పడకపోవడం మొదలైందన్నావు కాబట్టి చాలావరకు తాత్కాలికమే. జబ్బులో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, అరిగించే లాక్టేజు అనే ఎంజైము ఆ పొర అంచునే ఉంటుంది కనుక ముందు పోయేది అదే. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. పొట్ట ఉబ్బరం, గుడగుడలు, నురగతో పుల్లటి వాసన వేసే నీళ్ల విరేచనం, పిర్రల మధ్య ఎర్రగా ఒరిసిపోవడం అందుకే. పొర మళ్లీ కట్టుకోవడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

అయితే ముందు ఒకటి చూసుకో. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాయడం, పిల్లికూతలు, మలంలో నెత్తురు జీర, వీటిలో ఏది కనిపించినా అది పాల అలర్జీ కావచ్చు. అది చక్కెరతో కాదు, పాలలోని మాంసకృత్తులతో వచ్చే చిక్కు. అప్పుడు ఇంట్లో ప్రయోగాలు వద్దు, పిల్లల డాక్టరుకు చూపించు. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అలర్జీ ఉన్న పిల్లాడికి పెరుగూ పనికిరాదు, మేకపాలూ గేదెపాలూ పనికిరావు. వాటి మాంసకృత్తులు ఆవుపాల వాటికి బాగా దగ్గరివి.

అలర్జీ కాదని తేలాక, రెండు వారాలు విడి పాలు ఆపు. నీళ్లు కలిపి పలచన చేస్తే లాభం లేదు. కప్పులో బలం తగ్గుతుంది, అంతే. పిల్లాడు అంతే పాలు తాగితే లాక్టోజూ అంతే కడుపులోకి వెళ్తుంది. ఎంత కాచినా అది పోదు. నువ్వింకా చనుబాలు ఇస్తుంటే మాత్రం ఆపకు.

పాల బదులు పెరుగు పెట్టు. తోడుకునేటప్పుడు లాక్టోజు కొంత ఖర్చవుతుంది, మిగిలినదాన్ని అరిగించడానికి పెరుగులోని సూక్ష్మజీవులే సాయపడతాయి. తాజా పెరుగు రెండు చెంచాలు మెత్తటి అన్నంలో కలిపి మొదలుపెట్టు. పడితే మెల్లగా పూటకు చిన్న కప్పు దాకా పెంచు. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 ఉంటుంది. రాగిజావ, కొద్దిగా మెత్తటి నువ్వులపొడి, పప్పులో మునగాకు వేస్తూ ఉండు. జావలో నెయ్యి వేసుకోవచ్చు, అందులో లాక్టోజు దాదాపు ఉండదు. పళ్లరసాలు, గ్లూకోజు నీళ్లు మాత్రం మానిపించు. వాటి చక్కెరతోనూ విరేచనాలు అవుతాయి, నింద పాల మీద పడుతుంది.

ఈ రెండు వారాలూ ఏం తిన్నాడో, ఎన్నిసార్లు ఎలా వెళ్లాడో టైముతో సహా ఓ పుస్తకంలో రాయి. డాక్టరు మలం పరీక్ష రాస్తే డైపరు నీళ్లన్నీ పీల్చేస్తుందని గుర్తుంచుకో. ఆ పరీక్షలో చూసేది ఆ నీళ్లలోని చక్కెరనే. డైపరు లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి పట్టి, వెంటనే ల్యాబుకు పంపు.

పదిహేనో రోజు నుంచి పాలు మళ్లీ మొదలుపెట్టు. పరగడుపున కాదు, అన్నం తిన్నాక 30 మిల్లీలీటర్లు. మూడు రోజులు బాగుంటే 60, మరో మూడు రోజులకు 90. నురగ విరేచనం కనిపిస్తే ఒక మెట్టు దిగి వారం ఆగు, మళ్లీ సున్నాకు వెళ్లకు. పూర్తిగా పడ్డాక కూడా రోజుకు అర లీటరు దాటనీయకు. పాలతోనే పొట్ట నిండితే అన్నం ముట్టడు, ఒంట్లో ఇనుము తగ్గి రక్తహీనత వస్తుంది.

విరేచనాలు పద్నాలుగు రోజులు దాటినా, బరువు తగ్గుతున్నా, కళ్లు గుంటలు పడి ఆరు గంటలు మూత్రం రాకపోయినా ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు. దారిలో ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పడుతూ ఉండు.

మీ పెద్దమ్మ